నిమ్మకాయలు నమిలిన గ్రైండరు

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ వచ్చి నన్ను నిలదీయకూడదు: నేను పెంచి చెప్తాను. మా ఇంట్లో చీమ కుడితే వీధిలోకి వచ్చేసరికి అది తేలవుతుంది, గోపాలపట్నం జంక్షను చేరేసరికి కొండచిలువవుతుంది, అక్కడ ఎవరైనా దాన్ని ఆటో ఎక్కించారంటే ఇక దాని సంగతి నాకే తెలియదు. అందుచేత ఈ రాతలో ఎక్కడైనా మీకు ఏనుగు కనబడితే, అక్కడ కనీసం ఒక దున్నపోతైనా ఉండే ఉంటుందని సర్దుకుని చదువుకోండి.

మొన్న ఆదివారం మా వీధి చివర కొత్తగా అద్దెకి దిగిన బ్యాంకు ఆఫీసరు, ఫోనుని హారతి పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని, నేను కత్తులు చేసుకునే షెడ్డులోకి వచ్చాడు. ఆయనకి రక్తపోటు ఉందట. మనసుకి హాయినిచ్చే పని ఏదైనా చేతులతో చేసుకోమని డాక్టరు చెప్పాడట. ఈయన బాగా ఆలోచించి, కత్తులు చేద్దామని నిర్ణయించుకున్నాడట. రక్తపోటు మనిషికి కత్తి ఎలా మందవుతుందో ఆ డాక్టరునే అడగాలి. సరే, వచ్చినవాడు కూర్చోనైనా కూర్చోకుండా, తక్కువ ధరలో, మొదటిసారి కొనేవాళ్ళకి ఏ బెల్టు గ్రైండరు మంచిదండీ అని అడిగి, నేను నోరు తెరిచేలోపలే, ఏదో దేశంలో గుండెల దాకా గడ్డం పెంచుకున్న ఒకాయన ఏ మిషనుకి అయిదింటికి ఎన్ని చుక్కలు ఇచ్చాడో చూపించడం మొదలుపెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొదటి గ్రైండరుకి ఎవడూ చుక్కలు ఇవ్వలేదు. అదే నాకు పట్టపగలు చుక్కలు చూపించింది. ఆయన్ని మర్యాదగానే పంపేశాననుకోండి, అంటే మా కుక్క వీధి మలుపు దాకా మాత్రమే సాగనంపింది.

ఆయన వెళ్ళిపోయాక కూడా నా కోపం వెళ్ళలేదు. మన ఈడు వాళ్ళకి తెలుసు, మన రోజుల్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు ఇంట్లో ఒక శత్రువు ఉండేవాడు. ఫ్యాను కొనాలన్నా, సైకిలు కొనాలన్నా, ఆఖరికి గోడకి రంగు వేయించాలన్నా, మనం తెలుపంటే నీలమనీ, నీలమంటే నీకు కళ్ళున్నాయా అనీ అడ్డం పడడానికి దేవుడు ప్రతి ఇంటికీ ఒక మనిషిని కేటాయించేవాడు. ఆ మనిషితో వాదించీ, అలిగీ, తిట్టుకునీ, చివరికి పంతానికి పోయి ఏదో ఒకటి కొనేవాళ్ళం, కొన్నాక అది జీవితాంతం గుర్తుండేది. గడ్డం ఆయన చెప్పాడని కొన్న వస్తువు ఎవడికి గుర్తుంటుంది?

నా వాటాకి వచ్చిన శత్రువు మా బావ, మా అక్క మొగుడు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు, ఇంటి ముందు కరివేపాకు చెట్టు, పొట్ట మీద బిగించిన బెల్టు, ఎప్పుడూ కాళ్ళకి ఆ ఇనప ముక్కుల సేఫ్టీ బూట్లు. ఆ బూట్లు ఆయన పెళ్ళిళ్ళకీ వేసుకొచ్చేవాడు, పేరంటాలకీ వేసుకొచ్చేవాడు, మా అక్కతో తగూ వేసుకుంటే వాటితోనే పడుకునేవాడని నా అనుమానం. మనిషి గొంతు బ్లాస్ట్ ఫర్నేసు పక్కన తయారైన గొంతు. ఆయన ఉక్కునగరంలో గొంతు సవరించుకుంటే గోపాలపట్నంలో మా గోడ మీద బల్లి జారిపడేది.

నేను అప్పటికి పోర్టు పక్కన ఒక కాంట్రాక్టరు షెడ్డులో వెల్డింగు పని చేసి చేసి, ఆ కాంట్రాక్టరు ఒకనాడు షెడ్డుకి తాళం వేసి తన మానాన తను పోతే, ఇంటికొచ్చి పడ్డాను. ఊరికే కూర్చోలేక, పాత లారీ కమాను పట్టీలు తెచ్చి కత్తులు చేయడం మొదలుపెట్టాను. లారీ కమాను పట్టీ అంటే లారీ బరువంతా మోసే ఉక్కు రేకు, మంచి జాతి ఉక్కు, కత్తికి దాన్ని మించింది లేదు. కానీ నా దగ్గర ఉన్నది చేత్తో పట్టుకుని నడిపే యాంగిల్ గ్రైండరు ఒక్కటే. దానితో అరగదీస్తే కత్తి పక్క మీద మిట్టపల్లాలు తేలేవి, భీమిలి రోడ్డు లాగ. ఆ కత్తులనే సంచిలో వేసుకుని బస్సెక్కి భీమిలి పోయి, ఒడ్డున చేపలు కోసే ఆడవాళ్ళకి అమ్మబోతే, వాళ్ళలో పెద్దావిడ ఒక కత్తి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక పెద్ద చేప మెడ మీద రెండుసార్లు రుద్ది, నా మొహం కేసి చూసింది.

"ఇది సేపని కొయ్యదు బాబూ," అంది. "కావాలంటే బయపెడతాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు బంగాళాఖాతం అవతలి ఒడ్డు దాకా వినబడింది. చేప కూడా నవ్విందని నేను చాలామందికి చెప్పాను గాని, ఇప్పుడు అనడం లేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందో మా బావకి తెలిసిపోయింది. ఆదివారం పొద్దున్నే బూట్లు టకటకలాడించుకుంటూ దిగాడు. అప్పటికే తనకి తెలిసిన ఒక కాంట్రాక్టరు దగ్గర నాకు పని మాట్లాడేశాడట, ప్లాంటు లోపల, తన కళ్ళ ముందే. గేటు పాసు ఒక్కటే రావాలట. నాకు ఆ పని మీద కోపం లేదు, పని పనే; కాని పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా మా బావ కనుసన్నల్లో బతకడమంటే, దానికన్నా ఆ ఫర్నేసులో దిగడం చల్లగా ఉంటుంది. నాకు మిషను కావాలి, సరైన గ్రైండరు ఉంటే నా కత్తి చేపనే కాదు చేపల బుట్టని కూడా కోస్తుందని అరిచాను. ఆయన అంతకన్నా గట్టిగా అరిచాడు. మా అక్క మధ్యలో కాఫీ గ్లాసులు పెట్టి, ఇద్దరూ తాగి అరవండి అంది.

కాఫీ తాగాక పందెం తేలింది. దసరా నాడు మా అక్క ఇంట్లో గుమ్మడికాయ కూర వండుతారు. మన వైపు నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టరు, అది మగవాడి పని. ఆ ఇంట్లో మగవాడంటే మా బావ.

"నీ కత్తితో నాను కొట్టాల," అన్నాడు. "దిగిందా, నీ దారి నీది, నాను మరి మాటాడను. దిగనేదా, మర్నాడు గేటు పాసు మెల్లో ఏసుకుని నా ఎనకాల రావాల. ఏటంతావ్ బావా?"

నేను ఏమంటాను, సై అన్నాను. పందెం వేసినవాడే గాటు పెట్టేవాడు, తీర్పు చెప్పేవాడూ వాడే. ఇలాంటి న్యాయస్థానం మీరెక్కడైనా విన్నారా? కానీ అప్పుడు తోచలేదు. నా షెడ్డు, నా పని, నా పొద్దున్నలూ సాయంత్రాలూ అన్నీ ఒక గుమ్మడికాయ మీద పెట్టి కూర్చున్నాను.

ఇక గ్రైండరు కొనడం. బెల్టు గ్రైండరంటే ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను: గరుకు ఎమరీ కాగితాన్ని గుడ్డ మీద అతికించి, అంచులు కలిపి గాజులాగ గుండ్రంగా చేస్తే అది బెల్టు, రెండు మూడు చక్రాల మీదుగా దాన్ని మోటారు గిరగిరా తిప్పుతుంది, బెల్టు వెనక ఒక ఇనప పలక ఉంటుంది, కత్తిని ఆ పలక దగ్గర బెల్టుకి ఆనిస్తే పక్కలు అద్దంలా చదునుగా అరుగుతాయి. ఇంతే. ఈ ఇంతేకి మేమిద్దరం పాతూళ్ళో ఇనప సామాన్ల కొట్ల వీధిలో చేసిన రభస ఇప్పటికీ అక్కడి గుమాస్తాలు పిల్లలకి కథగా చెప్తుంటారు. నేను ఆయన్ని రమ్మనలేదు. బస్సు దిగేసరికి స్కూటరు మీద కూర్చుని నా కోసం కాసుకుని ఉన్నాడు.

మొదటి కొట్లో ఒక చిన్న ఎర్ర మిషను చూపించారు. వేలెడు వెడల్పు బెల్టు, చేటంత పీట, ధర నా అంతస్తుకి సరిగ్గా సరిపోయింది, నా ప్రాణం దాని మీదకి పోయింది. మా బావ దాన్ని పిల్లి కూన మెడ పట్టుకున్నట్టు ఒంటిచేత్తో పైకెత్తాడు.

"ఏటిది? గోళ్ళు గీసుకోడానికా?"

"కత్తులకేనండి," అన్నాడు కొట్టువాడు, కొంచెం నొచ్చుకుని.

"ఏ కత్తులకి బాబూ, బొమ్మల కొలువులోవా?"

అంతే, ఎలాగైనా అదే కొనాలని నాకు పట్టుదల వచ్చేసింది. మిషను ఆన్ చేయమని, జేబులోంచి కమాను పట్టీ ముక్క తీసి బెల్టుకి ఆనించాను. కొంచెం నొక్కానో లేదో, మోటారు మూలిగి, ఎదురుగాలికి సైకిలు తొక్కే ముసలాయనలా ఎగశ్వాస పీల్చి, ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాను, ఇంకోసారి ఆగిపోయింది. కొట్టువాడు మెల్లగా ఆనించాలండీ అన్నాడు. అలా మెల్లగా ఆనిస్తే ఒక కత్తి అయ్యేసరికి దసరా కాదు, మళ్ళీ దసరా వస్తుంది. మా బావ పసిపిల్లని జోకొట్టినట్టు ఆ మిషనుని రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడం తిట్టుకన్నా ఎక్కువ మండించింది.

పక్క కొట్లో ఇంకో మిషను చూశాం. అది గ్రైండరు కాదు, ఐరావతం. దాని బెల్టుని మా ఇంటి చుట్టూ కడితే ఇంకా మూర మిగులుతుంది. దాని ధర చెప్పగానే మా బావ నా నుదురు పట్టుకుని చూసి, జొరం నేదు కదా అన్నాడు.

బయటికి వచ్చాక ఆయన తన మాట బయటపెట్టాడు. వాళ్ళ చిన్నాన్నది మూతపడ్డ పిండిమిల్లు ఉంది, దాని మోటారు ఊరికే పడి ఉంది, తెచ్చి బిగించుకోమన్నాడు. "వెల్డరువి కాదేటి నువ్వు? మూడు సెక్రాలూ ఒక పలకా అతికించుకోనేవా?" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది బంగారం లాంటి మాట. చేతికి ఖర్చు తక్కువ, బలం ఎక్కువ, పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు. అదే మాట దారినపోయే దానయ్య అని ఉంటే ఆ సాయంత్రమే మొదలుపెట్టేవాణ్ణి. అన్నది మా బావ. పిండి మోటారుతో కత్తులు చేస్తే అవి రొట్టెలే కోస్తాయి అని తెగేసి చెప్పి బస్సెక్కేశాను.

చివరికి కోయంబత్తూరు వైపు ఇలాంటివి చేసే ఒకాయనకి ఫోను చేశాను. ఆయన అరవంలో తెలుగు మాట్లాడాడు, నేను తెలుగులో అరవం మాట్లాడాను, మోటారు ఆగకూడదు, పలక మందంగా ఉండాలి, బెల్టు పక్కకి జారితే సరిచేసుకునే మర ఉండాలి, ఇంటి కరెంటుతో నడవాలి అని ఇద్దరం ఒక అవగాహనకి వచ్చాం. ఎర్ర పిల్లికీ ఐరావతానికీ మధ్యన, అమ్మవారి జాతరలో పొట్టేలు లాంటి మిషను. ఈ సంగతి అక్క ద్వారా బావకి చేరింది. ఆయన ఫోనులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"బెల్టులెక్కడ దొరుకుతాయి?"

"దొరుకుతాయి," అన్నాను.

"ఎక్కడ?"

"దొరుకుతాయంటే దొరుకుతాయి."

"గేదిని కొన్నోడు గడ్డెక్కడుందో సూసుకోడేటిరా?" అని ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పాతూరు పోయి కొట్టు కొట్టూ తిరిగాను. ఆ కొలత బెల్టు ఊళ్ళో ఒక్కడి దగ్గరా లేదు. అప్పుడు కోయంబత్తూరు ఆయనకి మళ్ళీ ఫోను చేసి, మామూలుగా నలుగురు తయారుచేసే కొలత బెల్టుకి సరిపడేలా చక్రాలు మార్చమని, మిషనుతో పాటు ఒక కట్ట బెల్టులు కూడా పంపమని బతిమాలుకున్నాను. మా బావ ప్రశ్న వల్ల ఈ పని చేశానని నా నోట ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పను కూడా. మీరూ చెప్పకండి.

మిషను వచ్చింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఆటోలో వేస్తే ముందు చక్రం గాల్లోకి లేచింది, డ్రైవరు మీదకి నేను ఎక్కి కూర్చుంటే గాని అది నేలకి దిగలేదు. షెడ్డులో బిగించి, స్విచ్చి వేయబోతుంటే అక్కా బావా దిగారు. అక్క చేతిలో పసుపూ కుంకుమా. బావ చేతిలో నిమ్మకాయలు.

మనవాళ్ళు కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా ఇంటికి తేరు కదా. మరి దీనికి చక్రాలున్నాయి. చక్రాలున్నాయి కాబట్టి బండే అన్నాడు మా బావ. మీరు నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నేను పోర్టులో గ్యాసు సిలిండర్ల తోపుడు బండికి కూడా నిమ్మకాయ తొక్కించినవాణ్ణి. నిమ్మకాయ పెట్టాలా వద్దా అన్నది మాకు సమస్యే కాలేదు. ఎన్ని పెట్టాలన్న దాని మీద తగాదా వచ్చింది. మూడు చక్రాలకీ మూడు అంటాడు ఆయన. మోటారు చక్రమొక్కటే తొక్కుతుంది, మిగతావి ఊరికే తిరుగుతాయి, కాబట్టి ఒక్కటే అంటాను నేను.

"లారీకి ముందు సెక్రాలకి కూడా ఎడతారు కాదేటి? అయ్యేటి తొక్కుతన్నాయి, ఊరికే తిరగవేటి?"

ఈ లెక్క విని మూడుకే ఒప్పుకున్నాను. చక్రాలు గాల్లో ఉన్నాయి, వాటి కింద నేల లేదు, కాబట్టి చక్రానికీ బెల్టుకీ మధ్యనే పెట్టాలని ఇద్దరం, జీవితంలో మొదటిసారి, ఏకాభిప్రాయానికి వచ్చాం. నేను బెల్టుని బిగించి ఉంచే స్ప్రింగుని లాగి పట్టుకున్నాను, ఆయన ఒక్కొక్క సందులో ఒక్కొక్క నిమ్మకాయ కూరాడు. తర్వాత స్విచ్చి ఎవరు వేయాలన్న దాని మీద ఇంకో తగూ. ఇద్దరి వేళ్ళూ ఒకేసారి పడ్డాయి.

ఆ తర్వాత జరిగినది చెప్పడానికి నా నోరు చాలదు, ఆ నోట్లోకి కూడా రసం వచ్చింది. మొదటి కాయ అక్కడికక్కడే ముద్దయింది. రెండోది పిచికారీ అయి ముగ్గురి కళ్ళనీ ఒకేసారి కడిగింది. మూడోది మిషను నోట్లోంచి తుపాకి గుండులా లేచి, రేకు కింది సందులోంచి దూసుకుపోయి, పక్కింటి డాబా మీద ఎండబెట్టిన వడియాల మధ్య వాలింది. వీధి మొత్తం బల్బులు ఒకసారి దణ్ణం పెట్టినట్టు వాలి లేచాయి. ఇక బెల్టు. దాని అతుకు రసంలో నానిందో, దెబ్బకి విడిందో, టప్పున తెగి, గాల్లో ఒక చుట్టు చుట్టి, మా బావ చెంప మీద ఛెళ్ళుమని కొట్టింది.

మా బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిమ్మరసం వల్ల. చెంప మీద బెల్టు అచ్చు ఎర్రగా.

"నువ్వే," అన్నాడు కళ్ళు మూసుకునే. "నువ్వే వొదిలీసినావు స్ప్రింగుని."

"నాను ఒదల్లేదు. నువ్వే మూడు ఎట్టినావు. ఒకటి చాలన్నాను."

"నన్ను కొట్టించీసినావు బావా."

"కొట్టాలంటే చెయ్యి లేదేటి నాకు?"

అలా అనకూడదు. అన్నాను. ఆయన కుంకుమ గిన్నె కూడా తీసుకోకుండా, కళ్ళు నులుముకుంటూ, గోడ పట్టుకుని స్కూటరు దాకా నడిచాడు. మా అక్క నా కేసి చూసి, చిన్నప్పుడు నువ్వు దూలం మీంచి పడ్డప్పుడు నాన్న నిన్ను ఎందుకు పట్టుకున్నాడో అని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. మాటల్లేవంటే, నేరుగా లేవు. అక్క మీదుగా రోజూ ఉన్నాయి. వర్షాలు పట్టుకున్నాయి. నేను కొత్త బెల్టు ఎక్కించడం, అది కొంచెం తిరగడం, అతుకు దగ్గర విడిపోవడం. ఇంకోటి ఎక్కించడం, అదీ విడిపోవడం. కట్టలో సగం అలా పోయాయి. నాకు అనుమానం పట్టుకుంది. ఆ రోజు షెడ్డులో నేను స్ప్రింగు పట్టుకుని అటు తిరిగి ఉన్నప్పుడు ఆయన బెల్టుల మీద ఏదో చేశాడనీ, నన్ను గేటు పాసుకి కట్టేయడానికి బ్లేడుతో గీశాడనీ నమ్మేశాను. మా ఆవిడతో అన్నాను, పక్కింటివాళ్ళతో అన్నాను, ఫోనులో అక్కతో అరిచి మరీ అన్నాను. ఆమె వెనక్కి తిరిగి ఆ మాట ఆయనకి చేరవేసిందో లేదో, ఆయన గొంతు, ఫోను అక్కర్లేకుండానే, వినిపించింది.

"ఆడు బెల్టులెక్కడెట్టాడో అడుగు!"

ఎక్కడ పెడతాను, రేకు షెడ్డులో, పాత ట్రంకు పెట్టెలో, నీటుగా మడతపెట్టి పెట్టాను. అదే చెప్పాను.

"పండగ సీరల్లాగ మడతెట్టీశాడంటమ్మా మీ తమ్ముడు! సముద్రపు గాలి తగిలితే ఇనుమే తుప్పట్టిపోతాది, ఆ జిగురు ఆగుతాదేటి? ఆరగట్టమను! పొయ్యి దగ్గర ఏలాడగట్టమను ఎదవని!"

తిట్టు తిట్టుగా తీసుకున్నాను, మాట మాటగా తీసుకున్నాను. మిగిలిన బెల్టులన్నీ మడతలు విప్పి, వంటింట్లో పొయ్యి పైన దండెం కట్టి వేలాడదీశాను. మా ఆవిడ, నాగులచవితి ముందే వచ్చిందా అని, నాలుగు రోజులు ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. వంట నేనే చేశాను, ఆ వంట తిన్నాక ఆమే వచ్చి, బెల్టుల కింద తల వంచుకుని గరిటె తీసుకుంది. ఎండిన బెల్టుల్లో కొన్ని నిలిచాయి. వాటితోనే పని మొదలైంది.

గ్రైండరు కొన్నంత మాత్రాన కత్తి రాదని ఆ మిషను నాకు పళ్ళు రాలగొట్టి నేర్పింది. ఆత్రంగా నొక్కితే ఉక్కు వేడెక్కి అంచు నీలంగా తేలుతుంది, నీలం తేలిందంటే దాని పొగరు పోయినట్టే, ఇక అది వంకాయకి కూడా లొంగుతుంది. పక్కన బకెట్టులో నీళ్ళు పెట్టుకుని, ఒక్క రుద్దు, ఒక్క ముంచు. ఎన్ని కత్తులు నీలం చేశానో అడక్కండి. బెల్టు పక్కకి జారి చొక్కా అంచు తినేసింది. నిప్పురవ్వలు మీసంలో సగం తీసుకుపోయాయి. మిగతా సగం సౌష్ఠవం కోసం నేనే తీసేశాను. ఆ మిషనుని నేను తిట్టినంతగా మా బావని కూడా తిట్టలేదు, అదీ నన్ను కొట్టినంతగా ఎవరూ కొట్టలేదు. దసరా దగ్గరపడేసరికి మూలన పడేసిన కత్తుల కుప్ప మోకాలెత్తు అయింది, చేతిలో నిలిచినది ఒక్కటే కత్తి. తుమ్మకర్ర పిడి. పక్కలు చదును. దాన్ని ఎండలో పట్టుకుంటే వెలుగు ఎక్కడా విరగకుండా మొదలు నుంచి మొన దాకా జారేది.

విజయదశమి నాడు ఉక్కునగరం క్వార్టరుకి వెళ్ళాను. గుమ్మడికాయ వంటింట్లో చాప మీద కూర్చుని ఉంది, నా కన్నా ధీమాగా. అంత కాయని బావ కావాలనే వెతికి తెప్పించాడని నా నమ్మకం. దాని తొక్క మీద బుల్లెట్టు కూడా జారిపోయేలా ఉంది. మా బావ లుంగీ మీద, బనీను మీద, పండగ కాబట్టి బూట్లు లేకుండా వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. ఆయన పాదాలు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

కత్తి చేతిలోంచి చేతికి ఇస్తే ఇద్దరికీ పడదంటారు కదా. మాకు పడడానికి ఇంక ఏం మిగిలి ఉందో గానీ, నేను నేల మీద పెట్టాను, ఆయన నేల మీంచి తీసుకున్నాడు. బొటనవేలు అంచుకి అడ్డంగా ఆనించి చూశాడు. ఒక కన్ను మూసి మొన నుంచి చూశాడు. నన్ను చూశాడు.

"ఇది కత్తా, తెడ్డా?" అన్నాడు.

"కొట్టి చూడు," అన్నాను. గేటు పాసు నా మెళ్ళో వేలాడుతున్నట్టే ఉంది.

కాయని ఎడం చేత్తో అదిమిపట్టి ఒక్క గాటు వేశాడు. చప్పుడు రాలేదు. తెరచాప తాడు విప్పితే గాలి జారినట్టు కత్తి జారిపోయింది, కాయ రెండు చెక్కలై చాప మీద ఊగింది, లోపలి గుజ్జు ఎర్రగా బయటపడింది. మా బావ ఆ చెక్కల కేసి చూసి, తల ఎత్తి, నా భుజం మీద చెయ్యి వేసి, "నెగ్గినావు బావా, నీ పని నీదే," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, ఈసారి నిమ్మకాయ లేకుండానే. మా అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలా నేను నా షెడ్డులో నిలబడ్డాను. భీమిలి పెద్దావిడ కూడా తర్వాత నా కత్తే కొనుక్కుంది, అయితే బేరం తగ్గించకుండా కాదు. మా బావ మాత్రం ఆ తర్వాత కూడా ఏ పండక్కీ నన్ను వదల్లేదు: పిడి లావంటాడు, మొన వంకరంటాడు, నా కత్తితో టమాటా కోస్తే గింజలు చెల్లాచెదరయ్యాయంటాడు. నేను ప్రతిసారీ కోపంతో ఊగిపోయి, ఇంటికొచ్చి, ఆ పిడి సన్నం చేసేవాణ్ణి, ఆ మొన సరిచేసేవాణ్ణి. నా పనితనమంతా ఆయన నోటి దురుసుకి పుట్టిన సంతానం.

ఇప్పుడు ఆయన రిటైరయ్యి విజయనగరం అవతల తమ ఊళ్ళో ఉంటున్నాడు. చెప్పులేసుకుంటున్నాడు. పొద్దున్నే ఫోనులో పువ్వుల బొమ్మలు పంపిస్తున్నాడు. మొన్న వేసవిలో ఒక కొత్త కత్తి చేసి పట్టుకెళ్ళాను, ఎన్ని రోజులు కష్టపడ్డానో, ఎక్కడైనా వంక పెడతాడేమో చూడాలని కావాలనే పిడి కొంచెం లావుగా ఉంచాను. పెట్టెలోంచి తీయకుండానే, చాలా బావుంది బావా అన్నాడు. ఒక ఉల్లిపాయైనా కోసి చూడలేదు. ఏం చేసుకోను ఆ మెప్పుని? ఈ రోజుల్లో అందరూ ఇలాగే తయారయ్యారు, అందరూ మెచ్చుకుంటున్నారు, అందరూ చుక్కలు ఇచ్చేస్తున్నారు, కోసి చూసేవాడు ఒక్కడూ లేడు.

పైన నేను రాసినదాంట్లో నిమ్మకాయలు నిజం, మూడూ నిజమే. మీసం నిజం, వడియాలు నిజం. గుమ్మడికాయ రెండు చెక్కలైన మాటా నిజమే. ఆ తర్వాత మా బావ అన్న మాట మాత్రం ఆయన అనలేదు. భుజం మీద చెయ్యీ వేయలేదు, కళ్ళ నీళ్ళూ లేవు. ఆ ముక్క నేను పుట్టించాను. చాలా ఏళ్ళుగా చెప్తూ చెప్తూ, అన్నాడేమోనని నాకే అనిపించేంతగా. నిజంగా జరిగింది ఇంతే: రెండు చెక్కలైన కాయని ఆయన నాలుగు చేశాడు. నాలుగూ ఎనిమిది చేశాడు. నా కేసి చూడలేదు, మాట్లాడలేదు. కాయ మొత్తం ముక్కలైపోయాక పక్కనున్న అరటికాయలు లాక్కున్నాడు. అవి అయ్యాక బుట్టలోంచి బంగాళాదుంపలు. వంకాయలు. అల్లం కూడా. మా అక్క పొయ్యి దగ్గర్నుంచి అరుస్తోంది, చాలండీ, పండగంతా కూరలే తింటామా, ఆపండని. ఆయన తల వంచుకుని, పెదవి కొరుక్కుని, బుట్టలో చెయ్యి పెట్టి ఇంకేమైనా ఉన్నాయేమోనని వెతుకుతున్నాడు.